వాటా చేతికి వచ్చినంత మాత్రాన యాజమాన్యం చేతికి రాదు

(శ్రీ విజయపురంలో, అనగా 2024 సెప్టెంబరు వరకు పోర్ట్ బ్లెయిర్ అని పిలువబడిన నగరంలో, తెలుగు కార్మికుల అధ్యయన తరగతిలో మన సమాఖ్య నాయకులొకరు చేసిన ప్రసంగ పాఠమిది. శాఖల అధ్యయన సమావేశాలలో చదివి చర్చించగలరని కోరుతున్నాము. - సం.)



విశాఖ రేవు నుండి పన్నెండు వందల కిలోమీటర్ల సముద్రం దాటివచ్చి, తెలుగులో మాట్లాడి తెలుగులో జవాబు వినగలగడం నాకెంతో సంతోషం కలిగిస్తున్నది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవులలో ప్రతి ఎనిమిది మందిలో ఒకరి మాతృభాష తెలుగు. ఉత్తర కోస్తా జిల్లాల నుండి వలలతో, తట్టాపారలతో వచ్చిన కుటుంబాలు ఇక్కడి రేవులలో, రోడ్లలో, మరమ్మతు శాలలలో తమ చెమట ధారపోశాయి. ఆ కుటుంబాల రెండవతరం, మూడవతరం కార్మికులు ఇప్పుడు నా ఎదుట కూర్చుని ఉన్నారు.

నిన్న సాయంత్రం హాడ్డో రేవు దగ్గర ఒక యువ సోదరుడు నన్ను ఆపి ఒక ప్రశ్న అడిగాడు. "అన్నగారూ, కంపెనీలు పబ్లిక్ ఇష్యూకు వచ్చినప్పుడు ఉద్యోగుల కోటాలో తక్కువ ధరకు వాటాలు ఇస్తారట. యూనియన్ ఏమో ఇష్యూను వ్యతిరేకిస్తుంది. రేపు మా వంతు వస్తే, దరఖాస్తు పెట్టినవాడు ద్రోహి అవుతాడా?" అని. రేవు మీద నిలబడి రెండు మాటలలో తేల్చివేయదగిన ప్రశ్న కాదది. కనుక జవాబును ఈనాటి సభకు వాయిదా వేశాను. ఆ సోదరుడు ఇక్కడనే ఉన్నాడు. నా ప్రసంగమంతా ఆయనకు జవాబే.

పబ్లిక్ ఇష్యూ అనగానేమి?

ఒక కంపెనీ మూలధనం చిన్నచిన్న వాటాలుగా విభజింపబడి ఉంటుంది. అంతవరకు ఒక కుటుంబం చేతిలోనో, ఒక విదేశీ సంస్థ చేతిలోనో, ప్రభుత్వం చేతిలోనో ఉన్న వాటాలను మొట్టమొదటిసారిగా ప్రజలకు అమ్మజూపి, అటుపిమ్మట స్టాక్ ఎక్స్ఛేంజిలో నిత్యం క్రయవిక్రయాలు జరిగేటట్లు నమోదు చేయించడమే పబ్లిక్ ఇష్యూ. పత్రికలు దీనినే ఐపీఓ అంటున్నాయి.

దీనికొక క్రమమున్నది. కంపెనీ మొదట ముసాయిదా ప్రాస్పెక్టసును సెబీకి సమర్పించాలి. తన వ్యాపారం ఏమిటి, అప్పులెన్ని, కోర్టు కేసులెన్ని, ఏ ప్రమాదాలు పొంచి ఉన్నవి, వచ్చే సొమ్మును దేనికి వినియోగిస్తారు అన్న వివరాలన్నీ అందులో ఉండితీరాలి. తరువాత ధరల శ్రేణిని ప్రకటిస్తారు. సాధారణంగా మూడు రోజులు దరఖాస్తులు స్వీకరిస్తారు. పూర్వం దరఖాస్తుతోపాటు డబ్బు కట్టి, వాటాలు రానివారు నెలల తరబడి వాపసు కోసం ఎదురుచూసేవారు. ఇప్పుడు సొమ్ము మన బ్యాంకు ఖాతాలోనే స్తంభింపజేయబడి ఉంటుంది. 2023 డిసెంబరు నుండి, ఇష్యూ ముగిసిన మూడు పనిదినాలలో వాటాలు ఎక్స్ఛేంజిలో నమోదు కావలెనన్న నిబంధన తప్పనిసరి అయినది. ఈ సంస్కరణలు మంచివే. మంచిని మంచి అనడానికి మనం సంకోచించనక్కరలేదు.

కాని ధర సంగతి వేరు. 1992 వరకు కేంద్ర ప్రభుత్వంలో మూలధన ఇష్యూల కంట్రోలరు అనే అధికారి ఉండేవారు. వాటాను ఎంత ప్రీమియంతో అమ్మవచ్చునో ఆయన అనుమతి ప్రకారమే జరిగేది. 1992లో ఆ పదవిని, ఆ చట్టాన్ని రద్దుచేశారు. నాటినుండి ధరను కంపెనీ, దాని మర్చంట్ బ్యాంకర్లు కలిసి నిర్ణయిస్తున్నారు. అమ్మేవానికి సంస్థ లోగుట్టు అంతా తెలుసు. కొనేవానికి తెలిసినది ప్రాస్పెక్టసులో ఉన్నంతే, అదీ చదివితేనే. "అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి" అని మన పెద్దలు ఊరకే అనలేదు.

ఈ క్రమాన్ని మనస్సులో పెట్టుకొని, ఏ ఇష్యూ వచ్చినా కార్మికుడు మూడు ప్రశ్నలు వేయాలని నా మనవి. సొమ్ము ఎవరికి చేరుతుంది? ఏ కట్టుబాటు మారుతుంది? నా చేతికి ఎంత అధికారం వస్తుంది?

మొదటి ప్రశ్న: సొమ్ము ఎవరికి?

ఇష్యూలు రెండు రకాలు. కంపెనీ కొత్త వాటాలను సృష్టించి అమ్మితే ఆ సొమ్ము కంపెనీకి వస్తుంది. దానితో డాక్ కట్టవచ్చు, యంత్రాలు కొనవచ్చు, అప్పు తీర్చవచ్చు. ఇది మొదటి రకం. పాత యజమాని తన దగ్గరనున్న వాటాలను అమ్ముకుంటే ఆ సొమ్ము ఆ యజమాని జేబుకు పోతుంది. కంపెనీకి ఒక్క రూపాయి రాదు. ఇది రెండవ రకం. పత్రికా ప్రకటనలలో రెండింటికీ పేరొక్కటే, ఆర్భాటమొక్కటే.

మీకు దగ్గరి ఉదాహరణ చెబుతాను. ఫీనిక్స్ బేలోని మెరైన్ డాక్‌యార్డు మీకు తెలియనిది కాదు. అక్కడ ఓడల మరమ్మతు పనిలోకి వచ్చిన కొచ్చిన్ షిప్‌యార్డు, కేంద్ర ప్రభుత్వ సంస్థ. ఈ దీవుల పాలనాయంత్రాంగం ప్రయాణికుల ఓడలకు ఆర్డరు ఇచ్చినదీ ఆ సంస్థకే. ఆ సంస్థ 2017 ఆగస్టులో పబ్లిక్ ఇష్యూకు వచ్చినది. వాటా ధర 432 రూపాయలు. అమ్మిన వాటాలలో మూడింట రెండు వంతులు కొత్తవి, ఒక వంతు ప్రభుత్వానివి. అనగా వచ్చిన సొమ్ములో అధికభాగం సంస్థకే చేరినది. కొత్త డ్రై డాక్‌కు, అంతర్జాతీయ ఓడల మరమ్మతు కేంద్రానికి దానిని వినియోగిస్తామని ప్రాస్పెక్టసులో వ్రాశారు. ఆ రెండూ 2024 జనవరి 17న ప్రారంభమైనవి. ప్రభుత్వం వాటా 75 శాతానికి తగ్గినది, కాని డాక్ పెరిగినది. డాక్ పెరిగితే పని పెరుగుతుంది. ఈ విషయంలో నేను విమర్శకు దిగను.

ఇప్పుడు రెండవ రకం చూడండి. 2022 మే 4 నుండి 9 వరకు జీవిత బీమా సంస్థ వాటాలను ప్రభుత్వం అమ్మకానికి పెట్టినది. 22 కోట్ల 13 లక్షల వాటాలు, మొత్తంలో మూడున్నర శాతం. ధర 949 రూపాయలు. వచ్చిన సొమ్ము 20,557 కోట్ల రూపాయలు. నాటికి అది దేశ చరిత్రలోనే అతిపెద్ద ఇష్యూ. ఆ సొమ్ములో బీమా సంస్థకు చేరినది శూన్యం. అంతా కేంద్ర ఖజానాకు, పెట్టుబడుల ఉపసంహరణ పద్దు కిందికి పోయినది. 

ప్రైవేటు రంగంలోనూ ఇదే కథ. 2024 అక్టోబరులో హ్యుందాయ్ మోటార్ ఇండియా 27,870 కోట్ల రూపాయల ఇష్యూతో ఆ రికార్డును దాటినది. మద్రాసు శివార్లలో కార్మికులు చెమటోడ్చి నిలబెట్టిన కర్మాగారమది. అమ్మిన ప్రతి వాటా కొరియాలోని మాతృసంస్థది. సొమ్మంతా దానికే చేరినది. కర్మాగారంలో ఒక్క మరబిగింపుకైనా ఆ ఇష్యూ డబ్బు రాలేదు.

కనుక "కంపెనీ విస్తరణకు ప్రజల నుండి నిధులు" అనే మాట వినగానే నమ్మకండి. ప్రాస్పెక్టసులో ఇష్యూ ఉద్దేశాలు అనే అధ్యాయం ఉంటుంది. ముందు ఆ పుట తిప్పండి.

రెండవ ప్రశ్న: ఏ కట్టుబాటు మారుతున్నది?

ఇది మొదటి ప్రశ్న కంటే లోతైనది. ఎందుకంటే అమ్మకం రోజున కంటికి కనిపించేది సొమ్ము మాత్రమే. కట్టుబాటు అంతకుముందే చడీచప్పుడు లేకుండా మారిపోయి ఉంటుంది.

1956లో 245 ప్రైవేటు బీమా సంస్థలను, ప్రావిడెంట్ సొసైటీలను జాతీయం చేసి, ఐదు కోట్ల రూపాయల ప్రభుత్వ మూలధనంతో జీవిత బీమా సంస్థను నెలకొల్పారు. పాలసీదారుల సొమ్ము నుండి వచ్చే మిగులులో కనీసం 95 శాతం పాలసీదారులకే చెందాలన్నది ఆ చట్టంలోని ముఖ్య సూత్రం. ప్రభుత్వానికి వచ్చేది ఐదు శాతం. ఒక విధంగా అది పాలసీదారుల పరస్పర సహాయ సంఘం, ప్రభుత్వం దానికి ధర్మకర్త. దాదాపు అరవై ఐదేళ్లు ఆ ధర్మం నడిచినది.

2021లో ఆ చట్టాన్ని సవరించారు. ప్రత్యేక బిల్లు తెచ్చి కాదు, వార్షిక ఫైనాన్స్ బిల్లులో భాగంగా సవరించారు. ఉమ్మడిగా ఉన్న జీవిత నిధిని రెండుగా విడగొట్టారు. లాభాలలో పాలు ఉన్న పాలసీల మిగులులో వాటాదారుల భాగం ఐదు నుండి ఏడున్నరకు, 2024-25 నుండి పది శాతానికి పెరిగేటట్లు నిర్ణయించారు. లాభాలలో పాలు లేని పాలసీల మిగులు నూటికి నూరుపాళ్లూ వాటాదారులదే అయినది.

దీని ఫలితం అంకెలలో చూడండి. వాటాదారుల దృష్టితో బీమా సంస్థ విలువను లెక్కగట్టే పద్ధతి ఒకటున్నది. ఆ లెక్క ప్రకారం 2021 మార్చి చివర ఆ విలువ సుమారు 95 వేల 600 కోట్లు. అదే ఏడాది సెప్టెంబరు చివరకు 5 లక్షల 39 వేల కోట్లు! ఆరు నెలలలో సంస్థకు అంత కొత్త వ్యాపారం వచ్చినదా? లేదు. నిధిని విడగొట్టడమే ఆ పెరుగుదలకు ప్రధాన కారణం. నిన్నటివరకు పాలసీదారుల పక్షాన ఉన్న హక్కును వాటాదారుల పక్షానికి మార్చిన తరువాతనే ఆ వాటాలు అంత ధరకు అమ్మకానికి యోగ్యమైనవి. సంతలో ఆవును అమ్మబోయేముందు లేగదూడ వంతు పాలను కూడా కొనేవాని లెక్కలో కలిపినట్లయినది.

ఇక్కడ న్యాయంగా మరొక సంగతి కూడా చెప్పాలి. పాలసీ సొమ్ముకు ప్రభుత్వం ఇచ్చే హామీ, అనగా చట్టంలోని 37వ సెక్షను, అట్లాగే నిలిచి ఉన్నది. మొదటి ఐదేళ్లు ప్రభుత్వ వాటా 75 శాతానికి తగ్గరాదని, ఎప్పటికీ 51 శాతానికి తగ్గరాదని ఆ సవరణలోనే వ్రాశారు. బీమా ఉద్యోగులు, పాలసీదారులు ఏళ్ల తరబడి చేసిన ప్రచారం లేకపోతే ఈ రక్షణలు ఇంత స్పష్టంగా కాగితమెక్కేవని నేననుకోను.

లెక్కలు ప్రజల ముందుకు రావడానికి నమోదు అవసరమని ఇష్యూను సమర్థించేవారు అంటారు. మూడు నెలలకొకసారి లెక్కలు ప్రకటించడం మంచిదే. కాని బీమా సంస్థ లెక్కలు అంతకుముందు కూడా పార్లమెంటు ముందుకు వస్తూనే ఉండేవి. పార్లమెంటు అడిగే ప్రశ్న "ఏ మారుమూలకు సేవ అందినది?" అని కావచ్చు. స్టాక్ ఎక్స్ఛేంజి అడిగే ప్రశ్న "ఈ మూడు నెలలలో లాభం ఎంత?" అని మాత్రమే. 

ఈ తేడా మీకంటే బాగా ఎవరికి తెలుస్తుంది? ఈ దీవుల ప్రయాణికుల ఓడలను పాలనాయంత్రాంగం పక్షాన చిరకాలం నిర్వహించిన షిప్పింగ్ కార్పొరేషన్, 1961లో రెండు ప్రభుత్వ నౌకా సంస్థల విలీనంతో ఏర్పడినది. దానిలోని కొంత వాటాను తరువాతి కాలంలో అమ్మి స్టాక్ మార్కెట్టులో నమోదు చేశారు. 2020 డిసెంబరులో ప్రభుత్వం తన చేతిలో మిగిలిన 63.75 శాతాన్ని, యాజమాన్యంతో సహా, అమ్మడానికి ఆసక్తిగలవారిని ఆహ్వానించినది. మార్కెట్టు నియమాలతో నడిచే నౌకా సంస్థ, దీవివాసికి రాయితీ ఛార్జీతో ఓడ నడపడం తన కర్తవ్యమని తనంత తానుగా భావించదు. ఆ ఓడలు నడవడానికి కారణం పాలనాయంత్రాంగం ఖర్చు భరించడం, ఒడంబడిక ఉండడం. దీనినుండి మనం నేర్వవలసినది ఒక్కటే. వ్రాసియున్న బాధ్యత యజమాని మారినా కొంతకాలమైనా నిలుస్తుంది. అలవాటుగా సాగిన బాధ్యత మొదటి త్రైమాసిక లెక్కలతోనే కొట్టుకుపోతుంది.

మూడవ ప్రశ్న: నా చేతికి ఎంత అధికారం?

"ఉద్యోగులను యజమానులను చేస్తున్నాము" అని ప్రతి ఇష్యూలోనూ వింటాము. బీమా సంస్థ ఇష్యూలో ఉద్యోగులకు 45 రూపాయలు, పాలసీదారులకు 60 రూపాయలు తగ్గింపు ఇచ్చారు. దరఖాస్తుకు కనీసం 15 వాటాలు. ఉద్యోగి కట్టవలసినది 13,560 రూపాయలు. ఆ పదిహేను వాటాలతో ఆయన ఎంతమేరకు యజమాని అయినట్లు? సంస్థ మొత్తం వాటాలు 632 కోట్ల పైచిలుకు. అనగా ఆయన యాజమాన్యం 42 కోట్ల వంతులలో ఒక వంతు. పోనీ, ఉద్యోగులందరూ కలిస్తే? వారికి కేటాయించినవి 15 లక్షల 81 వేల వాటాలు. అవి మొత్తం సంస్థలో పదివేల వంతులకు రెండున్నర వంతులు. దీనిని యాజమాన్యం అనడం భాషకే అపచారం.

మరొక సంగతి గమనించండి. ఉద్యోగుల కోటాకు అర్హులు పర్మనెంటు ఉద్యోగులే. ఇక్కడి రేవులో, మరమ్మతు శాలలో, ఆ మాటకొస్తే దేశంలోని ప్రతి రేవులో మనతోపాటు ఒకే తాడు లాగే కాంట్రాక్టు కార్మికునికి అందులో స్థానం లేదు. ఒకే పని, ఒకే ప్రమాదం. ఇష్యూ నాడు మాత్రం ఒకరు వాటాదారు, ఒకరు బయటివాడు. పదమూడు వేల కాగితం కోసం పక్కవానిని మరచిపోతే, రేపు మన పర్మనెంటు ఉద్యోగాలకు ముప్పు వచ్చినప్పుడు ఆ పక్కవాడు మన కోసం ఎందుకు నిలబడాలి?

ఇక లాభనష్టాల సంగతి. 949కి అమ్మిన ఆ వాటా 2022 మే 17న, నమోదైన మొదటిరోజుననే, 870 ప్రాంతంలో మొదలైనది. 2023 మార్చి చివరలో 530కి దిగినది. 2024 ఫిబ్రవరిలో 1,100 దాటినది. ఓపిక పట్టగలిగినవాడు నష్టపోలేదు. కాని ఓపిక పట్టడం ఎవరికి సాధ్యం? బిడ్డ పెళ్లికి, తల్లి వైద్యానికి దాచిన సొమ్ము పెట్టినవానికి 530 దగ్గర అమ్ముకోక తప్పదు. 2021 ఏప్రిల్ నుండి 2023 డిసెంబరు వరకు వచ్చిన ఇష్యూలను సెబీ పరిశీలించి 2024లో ఒక అధ్యయనం ప్రకటించినది. వ్యక్తిగత మదుపుదారులు తమకు వచ్చిన వాటాలలో విలువరీత్యా దాదాపు సగం వారంలోపునే అమ్మివేశారని అందులో తేలినది. వారం రోజుల యజమానులు సంస్థను ఏ దారిన నడిపించగలరు?

నేను నేర్చుకున్న పాఠం

ఇతరులకు చెప్పేముందు నా తప్పు చెప్పుకోవాలి. 1995లో నాకు పాతికేళ్ల వయస్సు. డిగ్రీ పూర్తిచేసి, యూనియన్ కార్యాలయంలో రసీదులు వ్రాస్తున్న రోజులు. మన కోస్తా అంతటా రొయ్యల చెరువుల జ్వరం. రొయ్యల కంపెనీలు, గ్రానైటు కంపెనీలు వరుసగా పబ్లిక్ ఇష్యూలకు వచ్చేవి. పది రూపాయల వాటాలు వంద, అనగా వెయ్యి రూపాయలు. పోస్టాఫీసు ఎదుట దరఖాస్తు ఫారాలు ఉచితంగా పంచేవారు. ఒక కంపెనీ ఫారం నేనూ నింపాను. అంతటితో ఆగినా బాగుండేది. "చదువుకున్నవాడు కదా, వీనికి తెలుసు" అని మా యూనియన్‌లోని నలుగురు కళాసీలు నన్ను చూసి తామూ కట్టారు. అందులో ఒకాయన ప్రావిడెంట్ ఫండు నుండి అప్పు తీసుకున్నాడు.

వాటా పత్రాలు వచ్చినవి, దళసరి కాగితం మీద రంగుల ముద్రతో. తరువాత చెరువులకు తెగులు తగిలినది. 1996 డిసెంబరులో తీరప్రాంతపు రొయ్యల చెరువుల మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చినది. మా కంపెనీ ఆఫీసుకు వ్రాసిన ఉత్తరాలు చిరునామాదారు లేడని తిరిగివచ్చినవి. ఆ కళాసీ నన్ను ఏనాడూ నిందించలేదు. "పోనీలే తమ్ముడూ, నీదీ పోయింది కదా" అన్నాడు. ఆ మాట ఈనాటికీ నా గుండెలో ముల్లులా ఉన్నది. ఆయన నష్టపోయినది కంపెనీని నమ్మి కాదు, నన్ను నమ్మి. నేను ప్రాస్పెక్టసులో ఒక్క పుట కూడా చదవలేదు. కార్యకర్త తనకు తెలియని విషయంలో మౌనంగా సంతకం పెట్టినా, అది పదిమందికి సలహా ఇచ్చినట్లేనని నాకు ఆనాడు తెలిసినది.

విశాఖ చెప్పే సంగతి

మన తెలుగునాట మరొక అనుభవమున్నది. ముప్పై రెండు మంది ప్రాణత్యాగంతో సాధించుకున్న విశాఖ ఉక్కు కర్మాగారంలో పది శాతం వాటాల అమ్మకానికి 2012లో సెబీకి కాగితాలు సమర్పించారు. అది కూడా రెండవ రకపు ఇష్యూయే. విస్తరణ కోసం కర్మాగారం అప్పు చేస్తున్న కాలంలో, ఇష్యూ సొమ్ము మాత్రం ఖజానాకు పోయేటట్లు ఏర్పాటు. కార్మిక సంఘాలన్నీ ప్రతిఘటించాయి. మార్కెట్టు కూడా అనుకూలించలేదు. ఇష్యూ పలుమార్లు వాయిదాపడి చివరకు జరగనే లేదు.

మనం గెలిచామనుకున్నాము. 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ సంఘం పది కాదు, నూరు శాతం అమ్మాలని నిర్ణయించినది. మళ్లీ సంవత్సరాల తరబడి పోరాటం. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల పునరుద్ధరణ ప్యాకేజీని కేంద్రం ప్రకటించినది. అప్పు పెరిగి కొలిమి చల్లబడే దశ వచ్చిన తరువాత వచ్చిన సహాయమది. 2012లోనే కొత్త వాటాల ద్వారానో, బడ్జెట్టు ద్వారానో కర్మాగారానికే నిధులు ఇవ్వండని మనం గట్టిగా అడిగి ఉండవలసినది. అడ్డుకోవడంలో మనం దిట్టలమే. ప్రత్యామ్నాయాన్ని అంకెలతో ప్రజల ముందు పెట్టడంలో వెనుకబడ్డాము. ఈ ఆత్మవిమర్శ చేసుకోకపోతే, "వద్దు అనడమే వీరికి తెలిసిన విద్య" అని మన పిల్లలే అంటారు.

మన కర్తవ్యం

ఇవి గతించిన విషయాలు అనుకోకండి. బీమా సంస్థలో ప్రజల వాటా పది శాతానికి పెరగాలన్న నిబంధనకు సెబీ ఇచ్చిన గడువు 2027 మే 16. అనగా మూడున్నర శాతంతో మొదలైన అమ్మకం అక్కడితో ఆగేది కాదు. కనుక ప్రతి శాఖకు నేను నాలుగు పనులు సూచిస్తున్నాను.

మొదటిది, సంస్థ ఇష్యూకు వస్తున్నదన్న వార్త రాగానే శాఖలో ముగ్గురు నలుగురితో అధ్యయన బృందం ఏర్పరచండి. ముసాయిదా ప్రాస్పెక్టసు బహిరంగ పత్రం, ఎవరైనా చదవవచ్చు. ఇష్యూ ఉద్దేశాలు, ప్రమాదాల జాబితా, ఉద్యోగుల బకాయిలు, కాంట్రాక్టు కార్మికుల సంఖ్య అనే నాలుగు చోట్లు చదివి, సారాంశం తెలుగులో సభ్యులకు చెప్పండి. తప్పులుంటే సెబీకి వ్రాతపూర్వకంగా తెలియజేయండి. ఇష్యూ తెరచిన రోజున జెండా పట్టుకోవడం కంటే ముసాయిదా నాడు కలం పట్టుకోవడం ఎక్కువ ఫలితమిస్తుంది.

రెండవది, మారుమూల ప్రాంతాల సేవ, పర్మనెంటు నియామకాలు, పెన్షను నిధి అనే బాధ్యతలను చట్టంలోనో ఒడంబడికలోనో ముందుగానే వ్రాయించాలని కోరండి. నోటిమాటను ఒప్పుకోకండి.

మూడవది, అప్పు చేసిగాని, ప్రావిడెంట్ ఫండు తీసిగాని వాటాలు కొనవద్దని ప్రతి సభ్యునికీ నచ్చజెప్పండి.

నాలుగవది, వాటాలు పొందిన సభ్యులుంటే వారిని వెలివేయకండి. వాటాదారుకు వార్షిక సమావేశంలో ప్రశ్న అడిగే హక్కు, తీర్మానాలపై ఓటు వేసే హక్కు ఉన్నాయి. ఆ ఓటు బలం ఎంత స్వల్పమో ఇంతకుముందే లెక్క చూశాము. కాని ప్రశ్న నమోదవుతుంది, ఛైర్మను సమాధానం చెప్పవలసి వస్తుంది. ఆ ప్రశ్న కాంట్రాక్టు సోదరుని వేతనం గురించి కావాలి.

ఇక నిన్నటి సోదరుని ప్రశ్నకు వస్తాను. తమ్ముడూ, వాటాకు దరఖాస్తు పెట్టడం ద్రోహం కాదు. నీ కష్టార్జితం నీ ఇష్టం. నీ చేతిలో పదిహేను వాటాలున్నందుకు యూనియన్ నిన్ను ద్రోహి అనదు. కాని "ఇప్పుడు నేను యజమానిని, నాకిక యూనియన్‌తో పనేమి" అన్ననాడు మాత్రం నిన్ను నీవే మోసగించుకున్నట్లు. ఆ కాగితం విలువ రోజూ ఉదయం తొమ్మిదింబావుకు బొంబాయిలో ఎవరో నిర్ణయిస్తారు. నీ పక్కన తాడు లాగేవాని విశ్వాసం విలువను నిర్ణయించేది నీవు. మొదటిదానిని కొనుక్కో, తప్పులేదు. రెండవదానిని మాత్రం ఏ ధరకూ అమ్ముకోవద్దు.